నా రక్తంలో చేప

నేను తెలివితక్కువవాణ్ణేమోనన్న అనుమానం నాకు మొదట్నుంచీ ఉంది. పరీక్ష చేసి నిర్ధారించింది మాత్రం ఒక చేప. పశువుల రోగాలు పట్టే ల్యాబులో ఉద్యోగమంతా గడిపి, రిటైర్మెంటు కూతవేటు దూరంలో ఉండగా, బర్రె రక్తంలో చేప ఉందని నమ్మినవాణ్ణి నేను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఫోన్లో చెప్పాను కూడా.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడూ సలహా అడుగుతుంటారు. సలహాలు నా దగ్గర పెద్దగా లేవు. ఈ ఒక్క కథ ఉంది. నవ్వుకుంటూ చదవండి, కానీ మధ్యాహ్నం పూట ల్యాబులో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం గుర్తు తెచ్చుకోకండి.

మా ల్యాబు మెదక్ టౌనులో ఒక అద్దె ఇంటి పై అంతస్తులో ఉండేది. కింద ఎరువుల దుకాణం. కిటికీ తీస్తే యూరియా వాసన, వేస్తే మా రసాయనాల వాసన. ఒక ట్రస్టు వాళ్ళు దయతలచి డీఎన్ఏ చదివే చిన్న యంత్రం ఒకటి కొనిచ్చారు. దాని వెనక కంప్యూటర్ పని చూసే అమ్మాయికి హైదరాబాదులో మంచి ఉద్యోగం రావడంతో ఆ పని నా మెడకు చుట్టుకుంది. మా ఇన్‌చార్జి డాక్టరమ్మ కూడా ట్రెయినింగు కోసం బయట ఉండటంతో, ఆ ఎండాకాలం చివర ల్యాబుకు పెద్ద దిక్కును నేనే. నాకు దిక్కు మా టెక్నీషియన్. ఆమె నాకంటే చిన్నదే, అయినా ల్యాబులో అందరికీ అక్క. నాక్కూడా.

టెక్నికల్ విషయం ఒక్కటే చెబుతాను, ఓపిక పట్టండి. రక్తంలోంచి తీసిన డీఎన్ఏ ముక్కలకు రెండు చివరలా ఒక్కో పట్టీ అతికిస్తాం. యంత్రం ముక్కను పట్టుకోవడానికి అదే పిడి. దాన్ని అడాప్టర్ అంటారు. ముక్క పొడవుగా ఉంటే యంత్రం సగంలోనే చదవడం ఆపేస్తుంది, పేచీ లేదు. ముక్క పొట్టిదైతే, అది అయిపోయాక కూడా ఆగదు. అవతలి చివరనున్న పట్టీని కూడా ముక్కలో భాగమే అనుకుని చదివేస్తుంది. చదువు ఎక్కువైతే వచ్చే ఇబ్బంది యంత్రాలకీ ఉందన్నమాట. ఆ తోకను తరువాత సాఫ్ట్‌వేర్ చేత కత్తిరించాలి. కత్తిరించాలంటే ఏ పట్టీ వాడామో దానికి అక్షరాలతో సహా చెప్పాలి. ఇంతే.

పాపన్నపేట అవతల, మంజీర పక్కన ఒక ఊళ్ళో బర్రెలు చిక్కిపోతున్నాయని, కొన్ని చచ్చిపోయాయని కబురొచ్చింది. బర్రెల యజమాని ఆ ఊళ్ళో పెద్ద రైతు, అందరూ పటేల్ అనే పిలుస్తారు. ఆయన రక్తం నమూనాలు ఐసుపెట్టెలో పెట్టించుకుని స్వయంగా వచ్చాడు. ఆయనకో అలవాటుంది. ఎక్కడికెళ్ళినా తన ఇంట్లో వడపోసిన నీళ్ళు స్టీలు సీసాలో తెచ్చుకుంటాడు. అక్క గ్లాసుతో నీళ్ళిస్తే దాన్ని వేలితో అవతలకి జరిపి, "మీ ల్యాబుల రోగాలుంటయమ్మా" అన్నాడు. అక్క ఆ గ్లాసు తీసుకుని, ఆయన చూస్తుండగానే, గటగటా తాగేసింది.

వెళ్ళేముందు అసలు మాట చెప్పాడు. ఊరి చెరువు పశువులు నీళ్ళు తాగే చెరువే. అందులోనే చేపల సొసైటీ వాళ్ళు చేపపిల్లల్ని వదిలి పెంచుకుంటారు. ఆ చేపలకేసే దాణాతోనో, చేపలతోనో నీళ్ళు చెడిపోయాయని, అందుకే బర్రెలు పోతున్నాయని ఆయన నమ్మకం. "జర సక్కగ చూడుండ్రి. చెరువు సంగతి తేలాలె" అన్నాడు. చెరువు తేలడం ఏమిటో నాకు అప్పుడర్థం కాలేదు. సొసైటీని చెరువు నుంచి లేపాలని ఊళ్ళో అప్పటికే మాట నడుస్తోంది. మా రిపోర్టు కోసం ఆగారు.

నమూనాలు యంత్రంలో పెట్టింది మిరుగు మర్నాడు. మృగశిర కార్తె వచ్చిన రోజున మా మెదక్ వైపు చేప తినని ఇల్లుండదు, తినకపోతే ఆ ఏడు ఏదో రోగం వస్తుందని భయం. అక్క ల్యాబు మొత్తానికి పెద్ద డబ్బాలో చేపల పులుసు తెచ్చింది. మిగిలింది మర్నాడు కూడా తిన్నాం, రెండోరోజు పులుసుకే రుచి ఎక్కువ కాబట్టి.

యంత్రం చదవడం పూర్తయింది. సాఫ్ట్‌వేర్ కత్తిరింపు కూడా పూర్తయిందని ఆకుపచ్చ అక్షరాల్లో చెప్పింది. ఎన్ని ముక్కలకు తోక కత్తిరించిందో చూస్తే దాదాపు ఏమీ లేదు. నేను పొంగిపోయాను. కత్తిరించాల్సిందేమీ లేదంటే నమూనా అంత శుభ్రంగా ఉందన్నమాట, అక్క చేయి మంచిది అనుకున్నాను. పిల్లలూ, ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. నా కథంతా ఇక్కడే ఉంది, నేను మాత్రం ఆగలేదు.

తరువాత ఆ ముక్కలు ఏ జీవివో పోల్చి చూసే పని. బర్రె వచ్చింది, రావాలి కూడా. బర్రె పక్కన చేప వచ్చింది. ఏదో అరకొరగా కాదు, ధీమాగా వచ్చింది. ఒకదానిలో కాదు, అన్ని బర్రెల్లోనూ.

సరిగ్గా అప్పుడే పటేల్ ఫోను చేశాడు. ఏమన్నా తెలిసిందా అని అడిగాడు. ఇంకా చూడాలని చెప్పి పెట్టేయాల్సింది. కానీ పెద్ద దిక్కును కదా, దిక్కులు చూడలేదు. "నెత్తుర్ల చేప కనబడుతుంది పటేలా" అన్నాను. ఆయన చాలా నెమ్మదిగా, "నేను ముందే చెప్పిన గద" అన్నాడు.

ఫోను పెట్టాక పులుసు డబ్బా కళ్ళబడింది. ఓహో, మన చేతులకంటిన పులుసే నమూనాల్లోకి పోయింది అనుకున్నాను. మిరుగు నాడు చేప తిని డీఎన్ఏ ముట్టుకుంటే ఇంకేమవుతుంది? వెంటనే ల్యాబు తలుపు మీద చేపలు నిషేధం అని కాగితం అంటించాను. బల్లలు బ్లీచింగుతో కడిగించాను. అక్క ఆ కాగితం చదివి, "నా పులుసు గంత దూరం పోయిందా సార్? నా పెనిమిటి గొంతులకే దిగదంటడు" అంది. నవ్వలేదు. ఆ రోజు నుంచి డబ్బా తీసుకుని మెట్ల మీద కూర్చుని ఒంటరిగా తినేది.

నమూనాలు మళ్ళీ మొదట్నుంచి చేశాం, మాస్కులు కట్టుకుని, కొత్త చేతి తొడుగులతో. చేప మళ్ళీ వచ్చింది.

ఇక్కడ్నుంచే నాకు తేడాగా ఉండటం మొదలైంది. అంతకు కొద్దిరోజుల ముందు రేగోడ్ నుంచి వచ్చిన మేకల రక్తం ఫలితాలు కంప్యూటర్లో ఉన్నాయి. రోగాల పేర్లు మాత్రమే వెతికి, దొరకలేదని పక్కన పెట్టినవి. వాటిని తెరిచాను. చేప ఉంది. అవి మిరుగుకు ముందు చేసినవి. రేగోడ్ వైపు ఆ మేకలు చెరువు ముఖం చూసి ఉంటాయన్న నమ్మకం కూడా నాకు లేదు. ఒక కుక్క నమూనా ఉంది, తెరిచాను. కోడిది ఉంది, తెరిచాను. ఏది తెరిచినా లోపల్నుంచి అదే చేప, అదే పేరు, అదే ధీమా. ఎవరో నాకంటే ముందు ఒక్కో గదిలోకీ వెళ్ళి కూర్చుని, నేను తలుపు తీసేదాకా ఎదురుచూస్తున్నట్టు.

బయట మబ్బు పట్టి పట్టపగలే చీకటిగా ఉండేది ఆ రోజుల్లో. కరెంటు పోతే ఇన్వర్టరు సన్నగా మూలిగేది. ఆ మూలుగులో కూర్చుని తెర చూస్తుంటే నీళ్ళ వాసన వచ్చేది నాకు, చేపల మార్కెట్టు వాసన కాదు, చెరువు అడుగు బురద వాసన. అక్కకు చెబితే తనకేమీ రావట్లేదంది. కానీ మర్నాడు యంత్రం గది గుమ్మానికి నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు కట్టింది. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ముడి సరిగా ఉందో లేదో చూశాను.

ఆలోగా ఊళ్ళో నా ఫోను మాట పాకిపోయింది. చెరువు దగ్గర నీళ్ళ నమూనా తీసుకోవడానికి షేర్ ఆటోలో వెళ్ళాను. నాట్లకు పొలాలు తడుపుతున్నారు, ఎటు చూసినా నీళ్ళే, ఏ నీళ్ళలో ఏది కదిలినా నా కళ్ళు అటే పోతున్నాయి. చెరువు కట్ట మీద సొసైటీ పెద్దమనిషి కూర్చుని ఉంది. భర్త పోయాక వల తనే పట్టుకున్న మనిషి. నన్ను తిడుతుందనుకుని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మిషిన్ల కనబడ్డదట గద సారూ" అంది. ఔనన్నాను.

"మిషిన్‌కు అబద్ధమాడుడు రాదంటరు. మావేనేమో మరి. బర్రె నీళ్ళు తాగంగ లోపటికి పోయినయేమో." నీళ్ళకేసి చూసింది. "పిల్లలకు చేప వెడ్తలేను సారూ. పండుకుంటె, ఈడ ఈడ ఈతగొడ్తున్నట్టు అయితది." అరచేత్తో మోచేతి నుంచి మణికట్టు దాకా రాసి చూపించింది.

చెరువు పోతే ఆ కట్ట మీది పదిళ్ళవాళ్ళూ కూలికి పోవాల్సిందే. కానీ ఆమె అడిగింది చెరువు గురించి కాదు, తమవల్ల మూగజీవాలు చచ్చిపోయాయా అని. నా నోటి నుంచి జారిన ఒక్క మాట ఆమె ఒంట్లోకి వెళ్ళి ఈదుతోంది. పటేల్ చెబితే నమ్మేది కాదు. యంత్రం చెప్పిందన్నారు కాబట్టి నమ్మింది. ఆ యంత్రం తరఫున మాట్లాడింది నేను.

చేపల చెరువు నీళ్ళలో చేప వస్తే తేలేదేమీ లేదని, తిరిగొచ్చాక ఇంకో పరీక్ష పెట్టాను. మూతపెట్టి అమ్మే శుద్ధమైన నీళ్ళు ఒక గొట్టంలో. ఏ జీవీ లేని నీళ్ళు. రెండో గొట్టంలోకి, అక్క సూది గుచ్చుతుండగా, నా రక్తం. ఎందుకని అక్క అడిగితే మాట దాటేశాను. "మస్తు పరేషాన్ అయితున్నరు సార్, ఇంటికి పోయి పండుకోండ్రి" అంది, దూది అద్దుతూ.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం వాన. చర్చి గంట వినబడి ఆగింది. ముందు నీళ్ళు తెరిచాను. ఏమీ లేని నీళ్ళలో చేప ఉంది. తరువాత నన్ను తెరుచుకున్నాను. మనిషి అని వచ్చింది, అది కాస్త ఊరట. మనిషి కింద చేప.

మోచేతి నుంచి మణికట్టు దాకా రాసుకుంటున్నానని అక్క చూసేదాకా నాకు తెలియలేదు.

భయం పరాకాష్ఠకు వెళితే ఒక్కోసారి మెదడు పనిచేస్తుంది, నా విషయంలో వేరే మార్గమేదీ మిగలక. అన్ని రోజులూ నేను సాఫ్ట్‌వేర్ చెప్పిన పేర్లు చూశానే గాని, యంత్రం అసలేం చదివిందో కళ్ళతో చూడలేదు. ఏమీ లేని నీళ్ళలోంచి యంత్రం చదివినవి ఏ అక్షరాలు? ఆ ముడి వరసలు తెర మీద తెరిచాను. వరుసలు వరుసలుగా నాలుగే అక్షరాలు, అటూ ఇటూ మారుతూ. బర్రె వరసలు తెచ్చి పక్కన పెట్టాను. నావి తెచ్చి పెట్టాను.

మొదట్లో ఏ వరసకా వరస వేరు. చివరకొచ్చేసరికి అన్నీ ఒక్కటే. ఒక గుంపులో ప్రతి మనిషీ తన మాట తాను మాట్లాడుతూ, ఆఖరి మాట మాత్రం అందరూ ఒకే గొంతుతో పలికినట్టు. బర్రె మాట, మేక మాట, నా మాట, చివర మళ్ళీ మళ్ళీ అదే. ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, అంత భయమేసిన దృశ్యం ఇంకోటి చూడలేదు. ఆ భయంలోనే ఆ మాటను గుర్తుపట్టాను. అది చేప కాదు. పట్టీ.

సంగతి ఇది. ఆ వేసవిలో, పట్టీలు అతికించడానికి వాడే పాత కంపెనీ కిట్లు అయిపోయి కొత్త కంపెనీవి తెప్పించాం. కొత్త కిట్టులో పట్టీ వేరు. నేను సాఫ్ట్‌వేర్‌కు చెప్పిన పట్టీ పాతది. అది పాపం లేని పట్టీ కోసం అన్ని ముక్కల్లోనూ వెతికి, దొరక్క, కత్తిరింపు పూర్తయిందని చెప్పింది. చెప్పిన పని పూర్తి చేసింది, చెప్పినవాడిదే తప్పు. కత్తిరించినవి దాదాపు ఏమీ లేవన్నది మెచ్చుకోవాల్సిన విషయం కాదు, అదే మొదటి హెచ్చరిక. మరి చేప ఎక్కడిది? ఎక్కడో ఎవరో నాలాంటివాళ్ళే ఇదే పట్టీతో ఒక చేప డీఎన్ఏ చదివి, పట్టీలు సరిగా కత్తిరించకుండానే లోకమంతా పోల్చి చూసుకునే భండారంలో పెట్టేశారు. అప్పట్నుంచి ఆ పట్టీ మిగిలిన ప్రతి చోటా, పట్టీలు వాటికవే అతుక్కుపోయే ఉత్త నీళ్ళలో కూడా, అది చేపలాగే కనబడుతుంది. దూరదేశంలో ఎవరో మరిచిపోయిన తోక మా మంజీర ఒడ్డున ఒక ఆడమనిషి చేతిలో ఈదుతోంది.

సంతోషంతో రెండో తప్పు చేశాను. కొత్త పట్టీ పేరు చెప్పి, కసిగా కత్తెర ఝుళిపించాను. ఒక్క అక్షరం కలిసినా కోసెయ్, కాస్త తేడా ఉన్నా కోసెయ్, కోశాక పొట్టిగా మిగిలినదాన్ని పారెయ్ అన్నాను. చేప పోయింది. దానితోపాటు సగానికి పైగా ముక్కలూ పోయాయి. మిగిలినవాటిలో ఆరోగ్యవంతమైన బర్రె తప్ప ఏమీ లేదు. అంత ఆరోగ్యంగా ఉంటే ఎందుకు చచ్చింది? తోక వదిలేస్తే దయ్యాలొస్తాయి, తోకతోపాటు ఒళ్ళు కూడా నరికేస్తే ఉన్న రోగం కనబడదు. కోపం దిగేదాకా టీ తాగి, మూడోసారి పద్ధతిగా చేశాను. కిట్టు డబ్బా మీది పట్టీని అక్షరం అక్షరం అక్క చదువుతుంటే కొట్టాను. కత్తిరించక ముందు, తరువాత ముక్కల పొడవులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఉత్త నీళ్ళ గొట్టాన్ని కూడా అదే దారిలో నడిపించాను. ఈసారి నీళ్ళలో ఏమీ రాలేదు. ఏమీ రాకపోవడం అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు.

బర్రెల్లో మాత్రం వచ్చింది. చేప కాదు, రక్తంలో బతికే ఒక పరాన్నజీవి, సర్రా రోగం తెచ్చేది. చివర్లో పట్టీ అంటుకుని ఉండటంతో ఇన్నాళ్ళూ పోలిక కుదరక మూలన పడి ఉంది. దాన్ని ఒక బర్రె నుంచి ఇంకో బర్రెకు చేరవేసేవి జోరీగలు. మందుంది.

అదే రోజు ఊళ్ళో పంచాయతీ ఆఫీసు దగ్గర సొసైటీ సంగతి తేల్చే మీటింగు. అక్కను తోడు తీసుకుని పరుగెత్తాను. జనమందరి ముందూ నిలబడి, ముందు చెప్పింది తప్పని, తప్పు యంత్రానిది కాదు నాదని చెప్పాను. పటేల్ సీసా మూత తిప్పుతూ విన్నాడు.

"నిన్న చేపంటిరి, ఇయ్యాల ఈగంటున్నరు. రేపు ఏనుగంటరా సారూ?"

అందరూ నవ్వారు. న్యాయమైన నవ్వే. నా రక్తం ఫలితం తీసి చూపించాను. ఏ లెక్కన బర్రెలో చేప ఉందో అదే లెక్కన నాలోనూ ఉందని, ఉత్త నీళ్ళలోనూ ఉందని చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ముందువరసలో వాళ్ళు నాకు కొంచెం దూరం జరిగారు. అప్పుడు అక్క అందుకుంది. "సార్‌ల చేప లేదు, ఏం లేదు. సూది నేనే గుచ్చిన. ముందు బర్రెలకు మందియ్యుండ్రి, బతికినయంటె సార్ మాట నిజం. బతకకుంటె అప్పుడు చెరువు సంగతి మాట్లాడుండ్రి."

మందిచ్చారు. మేతకు నోరు పెట్టని బర్రెలు మెల్లగా పెట్టాయి. చెరువు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. జోరీగలు ముసిరే పెంటకుప్ప పటేల్ దొడ్డి వెనకాలే ఉందని డాక్టరమ్మ వచ్చాక చూసి ఎత్తేయించింది. తలుపు మీది నా నిషేధం కాగితాన్ని అక్క చించి, మడిచి, నా టిఫిన్ డబ్బా కింద పెట్టింది. మరుసటి మిరుగుకు చెరువు కట్ట నుంచి చేప వచ్చింది, తెచ్చింది ఆ సొసైటీ పెద్దమనిషే. పిల్లలు తింటున్నారా అని అడిగాను. తింటున్నారంది. మరి ఈదడం? ఆమె చేతిని కొంగులోకి దాచుకుని, "ఎప్పుడన్న ఒకపారి" అంది. తప్పు మాట దిద్దడం తేలిక, బయటికి తోడటం కాదు.

పటేల్ మాత్రం నన్ను వదల్లేదు. ఎక్కడ కనబడినా "చేప సార్" అనేవాడు. నేను రిటైరయ్యే ముందు వారం కొత్త బర్రెల పరీక్షకని వచ్చి కూర్చుని, అక్క ఇచ్చిన గ్లాసు మళ్ళీ వేలితో జరిపి, తన సీసాలోంచి తాగి, సగం నీళ్ళతో అక్కడే మరచిపోయి వెళ్ళాడు. కొత్తగా చేరినవాళ్ళకు కత్తిరింపు తప్పితే ఏమవుతుందో చూపించడానికి ఎలాగూ ఒక నమూనా కావాలి. ఆ నీళ్ళే వాడాను, పాత పట్టీ పేరే చెప్పి.

సీసా కోసం ఆయన వచ్చినప్పుడు సీసాతోపాటు కాగితం కూడా మర్యాదగా చేతికిచ్చాను. పైన పెద్ద అక్షరాల్లో చేప ఉంది. అట్టడుగున, ఇది పట్టీలు కత్తిరించకుండా కావాలని తీసిన తప్పుడు ఫలితమని, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని, నిజాయతీగా రాసి సంతకం కూడా పెట్టాను. ఆయన పైది చదివాడు. సీసా ఎత్తి వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. కింది దాకా చదవమని చెప్పే బాధ్యత నాదే, చెబుదామనే అనుకున్నాను, కానీ అక్క అప్పటికే గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన ఆ గ్లాసు కేసి కాసేపు చూసి, గటగటా తాగేశాడు.